మాడ్యూల్ తెచ్చుకునే చోటే టైపు రాసుకుందాం

పోస్టు పెద్దది, ఓపిక చేసుకుని చదవండి. కోడింగ్ నేర్చుకుంటున్నవాళ్లు చివరిదాకా చదవాలి. మిగతావాళ్లు మొదటి భాగమైనా చదవండి. ఎందుకంటే అందులో మేము చేసిన తప్పు ఒకటుంది, దాన్ని అందరి ముందు ఒప్పుకోవాలనే ఈ పోస్టు మొదలుపెట్టాం.

మేము బూర్గంపాడు నుంచి డిగ్రీ, ఇంజినీరింగు చదువుతున్న నలుగురం. మన పిల్లలకు దరఖాస్తుల చివరి తేదీలు గుర్తు చేయడానికి ఒక చిన్న ప్రోగ్రాం రాశాం. ఎవరు ఏ జిల్లా, ఎవరికి ఏ కాగితం కావాలి, ఏ తేదీలోపు కట్టాలి, ఇవన్నీ ఒక షీట్లో రాయించుకుని, జిల్లాల వారీగా విడదీసి, ఎవరికి వాళ్లకు మెసేజ్ పంపడం దాని పని. నోడ్ జేఎస్ మీద నడుస్తుంది. రాసింది టైప్‌స్క్రిప్ట్‌లో. టైప్‌స్క్రిప్ట్‌లో రాశాం కాబట్టి తప్పులు ముందే దొరుకుతాయని ధైర్యంగా ఉన్నాం.

జిల్లా పేరు ఇస్తే దాని కోడ్ ఇచ్చే చిన్న మాడ్యూల్ ఒకటి నెట్టులో దొరికితే తెచ్చుకున్నాం. తెలంగాణలో ఉన్న 33 జిల్లాలూ అందులో ఉన్నాయి. అది మామూలు జావాస్క్రిప్ట్‌లో రాసింది, టైపులు లేవు. ఇంపోర్ట్ అని రాసి తెచ్చుకోబోతే ఎర్ర గీత వచ్చింది. ఈ మాడ్యూల్‌కు డిక్లరేషన్ ఫైలు దొరకలేదు అని చెప్పింది. వెతికితే ఎవరో ఇచ్చిన సలహా కనిపించింది: ఇంపోర్ట్ తీసేసి రిక్వైర్ పెట్టు, ఎర్ర గీత పోతుంది. పెట్టాం. పోయింది. సంతోషపడ్డాం.

షీట్లో ఒక చెల్లెలు తన జిల్లా ఏలూరు అని రాసింది. నిజానికి వాళ్లది మన మండలంలోని ఊరే. 2014లో పోలవరం ముంపు కారణంగా ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ఊళ్లను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు బూర్గంపాడు మండలం మొత్తం పోలేదు, కొన్ని ఊళ్లే పోయాయి. అవి ముందు పశ్చిమ గోదావరిలోకి, 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. ఇది మనకు ఎవరూ చెప్పక్కర్లేదు, మన చుట్టాలు అక్కడున్నారు. అయినా ప్రోగ్రాం రాసేటప్పుడు మేమే మర్చిపోయాం.

ఆ మాడ్యూల్ ఏలూరు అనే పేరు చూసింది. జాబితాలో లేదు. అలాంటప్పుడు జావాస్క్రిప్ట్ ఇచ్చే జవాబు అన్‌డిఫైన్డ్, అంటే విలువ లేదు అని. మా ప్రోగ్రాం ఆ జవాబునే జిల్లా కోడ్ అనుకుంది. ఒక్కో కోడ్‌కు ఒక్కో కుప్ప పెట్టి పేర్లు వేస్తూ పోవడం దాని పని. జావాస్క్రిప్ట్ ఆ లేని విలువను కూడా అక్షరాలుగా మార్చేసుకుంటుంది. అలా అన్‌డిఫైన్డ్ అనే పేరుతో ఒక కొత్త జిల్లా పుట్టింది. అందులో ఆ చెల్లెలు ఒక్కతే ఉంది. మెసేజులు పంపే భాగం తెలిసిన 33 కోడ్‌లను మాత్రమే చూసి పని ముగించింది. ప్రోగ్రాం ఎక్కడా ఆగలేదు. ఎర్ర అక్షరం ఒక్కటి రాలేదు. చివర్లో అన్నీ పంపేశాను అని కూడా రాసింది.

హాస్టల్ దరఖాస్తు చివరి తేదీ దాటాక ఆ చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నా, అందరికీ మెసేజ్ వచ్చిందంట, నాకెందుకు రాలేదు?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. ఆ ఏడాది ఆమె బయట గది అద్దెకు తీసుకుని చదివింది. ఆ అద్దె ఆ ఇంటి మీద పడింది. కారణం మేము. మాడ్యూల్ రాసినవాళ్లను అనడానికి లేదు, వాళ్లు తెలంగాణ జిల్లాలు అనే చెప్పారు. టైప్‌స్క్రిప్ట్‌ను అనడానికీ లేదు. అది ఎర్ర గీత పెట్టి చెబితే ఆ గీత తుడిచింది మేమే.

ఇక అసలు విషయానికి వద్దాం. రిక్వైర్ పెట్టగానే ఎర్ర గీత ఎందుకు పోయింది?

నోడ్ జేఎస్‌ను ర్యాన్ డాల్ 2009లో తెచ్చాడు. అప్పటికి జావాస్క్రిప్ట్ భాషలో ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలును తెచ్చుకునే పద్ధతి లేదు. బ్రౌజర్ బయట వాడుకోవడానికి అలాంటి పద్ధతి కావాలని అదే ఏడాది కొందరు కామన్ జేఎస్ అనే ఒప్పందం రాసుకున్నారు. రిక్వైర్ అక్కడి నుంచి వచ్చింది. దీని పని చాలా సులువు. రిక్వైర్ మామూలు ఫంక్షనే. ఫైలు పేరో ప్యాకేజీ పేరో ఇస్తే, ఆ ఫైలును నడిపి, అది బయటికి ఇచ్చిన వస్తువును మన చేతిలో పెడుతుంది. అది ఫంక్షన్ కావచ్చు, ఆబ్జెక్టు కావచ్చు, నంబరు కావచ్చు. ఏమిస్తుందో నడిపేదాకా తెలియదు.

టైప్‌స్క్రిప్ట్ 2012 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ నుంచి వచ్చింది. టైపు అంటే కీబోర్డు మీద కొట్టే టైపు అనుకోకండి. ఈ పేరు వెనక ఉన్న విలువ ఏ రకం, అక్షరాలా, నంబరా, ఉండొచ్చు లేకపోవచ్చా అని ముందే రాసుకునే మాట అది. కానీ ప్రపంచంలో ఉన్న మాడ్యూళ్లన్నీ అప్పటికే మామూలు జావాస్క్రిప్ట్‌లో ఉన్నాయి. వాటిని మళ్లీ రాయలేరు. అందుకని మాడ్యూల్‌ను ముట్టుకోకుండా పక్కన ఒక చిన్న ఫైలు పెట్టే పద్ధతి తెచ్చారు. దాన్నే డిక్లరేషన్ ఫైలు అంటారు. సంతలో మూటకు కట్టే చీటీ లాంటిది. మూట విప్పకుండానే లోపల ఏముందో చీటీ చెబుతుంది. ఇలాంటి చీటీలన్నీ ఒకచోట చేర్చడానికి బోరిస్ యాంకోవ్ అనే ఆయన అదే 2012లో డెఫినిట్లీ టైప్డ్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టాడు. 2016లో టైప్‌స్క్రిప్ట్ 2.0 వచ్చినప్పటి నుంచి ఆ చీటీలను కూడా ఎన్‌పీఎం నుంచే దించుకోవచ్చు.

నోడ్ జేఎస్‌కు కూడా అలాంటి చీటీ ఉంది. అందులో రిక్వైర్ గురించి ఏం రాశారో తెలుసా? స్ట్రింగ్ తీసుకుంటుంది, ఎనీ ఇస్తుంది. అంతే. ఎనీ అంటే ఏదైనా కావచ్చు, నేను అడగను అని. టైప్‌స్క్రిప్ట్ ఫైల్లో కాన్‌స్ట్ పేరు ఈక్వల్‌టు రిక్వైర్ అని రాస్తే, ఆ పేరు మీద మనం ఏం చేసినా టైప్‌స్క్రిప్ట్ నోరెత్తదు. లేని ఫంక్షన్ పిలిచినా సరే అంటుంది. ఇంకా ఘోరం ఏంటంటే ఎనీ అంటుకుంటుంది. ఎనీ నుంచి వచ్చిన జవాబు ఎనీ, దాన్నుంచి వచ్చిందీ ఎనీ. ఒక్క రిక్వైర్ లైను నుంచి ఫైలు సగం దాకా పాకుతుంది.

మన దారుల్లో ఫారెస్టు చెక్‌పోస్టులు అందరికీ తెలుసు. పెద్ద రోడ్డు మీద ప్రతి బండినీ ఆపి చూసి, పక్కనున్న డొంక దారిలో గేటు పెట్టకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. మా ప్రోగ్రాంలో జరిగింది అదే. మేము రాసిన ఫంక్షన్లన్నిటికీ టైపులున్నాయి. బయటి సరుకు వచ్చే దారికి మాత్రం గేటు లేదు. తప్పులు ఎక్కువగా వచ్చేదీ అక్కడి నుంచే. మనం రాసింది మనకు గుర్తుంటుంది, బయటివాళ్లు రాసింది గుర్తుండదు.

తర్వాత మేము చేసిన పని చెబుతాం. ఆ మాడ్యూల్‌కు మేమే ఒక డిక్లరేషన్ ఫైలు రాశాం. పది లైన్లు కూడా లేదు. అందులో ముఖ్యమైన మాట ఒక్కటే: ఈ ఫంక్షన్ స్ట్రింగ్ తీసుకుంటుంది, స్ట్రింగ్ గానీ అన్‌డిఫైన్డ్ గానీ ఇస్తుంది. రిక్వైర్ తీసేసి మళ్లీ ఇంపోర్ట్ పెట్టాం. స్ట్రిక్ట్ ముందే ఆన్‌లో ఉంది. వెంటనే కుప్పలు పెట్టే ఆ లైను కింద ఎర్ర గీత వచ్చింది. అన్‌డిఫైన్డ్‌ను ఇక్కడ తాళంచెవిగా వాడలేవు అని చెప్పింది. ఆ చెల్లెలి పేరు పోయిన లైను సరిగ్గా అదే. పది లైన్లు ముందే రాసి ఉంటే ఆమెకు మెసేజ్ వెళ్లేది.

అందుకే మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. నోడ్ జేఎస్ నేర్చుకునే మన పిల్లలు మాడ్యూల్ తెచ్చుకోవడం నేర్చుకునే రోజునే దానికి టైపు రాయడం కూడా నేర్చుకోవాలి. తర్వాత నేర్చుకుందాంలే అని పక్కన పెట్టే సంగతి కాదిది.

దీనికి ఎదురు మాటలు మేము విన్నాం. ఒక్కొక్కటి చూద్దాం.

మొదటిది, మా సీనియర్ అన్న ఒకాయన అన్నది. "ముందు జావాస్క్రిప్ట్ సరిగా రానివ్వండి. టైపుల పేరుతో పిల్లల్ని భయపెట్టొద్దు." ఈ మాటలో నిజం ఉంది. టైప్‌స్క్రిప్ట్ మొత్తం సముద్రం. కానీ మేము అడిగేది మొత్తం కాదు. ఒక ఫంక్షన్ ఏం తీసుకుంటుంది, ఏమిస్తుంది, లేకపోతే ఏమిస్తుంది. ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాయడం చాలు. ఈ మూడూ తెలియకుండా జావాస్క్రిప్ట్ వచ్చిందని ఎలా అంటాం?

పైగా టైపు వల్ల మనకే ఎక్కువ లాభం. పట్నంలో పెద్ద కాలేజీలో చదివేవాడికి పక్క గదిలో అడగడానికి ఒక అన్న ఉంటాడు. మన గూడెంలో, మన హాస్టల్లో ఆ అన్న లేడు. చాలామందికి ఇంట్లో కంప్యూటర్ ముట్టుకుంటున్న మొదటి మనిషి తామే. ఇంగ్లీషులో ఇరవై పేజీల డాక్యుమెంటేషన్ చదివి అర్థం చేసుకోవడం కష్టం. అదే టైపు ఉంటే, ఫంక్షన్ పేరు మీద మౌస్ పెట్టగానే ఏమివ్వాలో ఏమొస్తుందో ఒక్క లైనులో కనబడుతుంది. నెట్టు లేకపోయినా కనబడుతుంది. ఒకసారి దించుకుంటే చాలు, తర్వాత చెక్ చేయడానికి సిగ్నల్ కోసం మిద్దె ఎక్కక్కర్లేదు.

రెండోది: "ఇప్పుడు నోడ్ జేఎస్సే టైప్‌స్క్రిప్ట్‌ను నేరుగా నడుపుతోంది కదా, ఇంకేం కావాలి?" చాలామంది ఇక్కడ మోసపోతున్నారు. 2025 జనవరిలో వచ్చిన 23.6 నుంచి ఏ ఫ్లాగూ లేకుండానే టైప్‌స్క్రిప్ట్ ఫైలు నడుస్తోంది, నిజమే. కానీ అది చేసేది టైపులను తుడిచేసి మిగిలిన జావాస్క్రిప్ట్‌ను నడపడం. టైపులు సరిగ్గా ఉన్నాయో లేదో అది చూడదు. స్ట్రింగ్ అని రాసి నంబరు పెట్టినా నడిపేస్తుంది. చెక్ కావాలంటే టీఎస్‌సీ అనే కమాండును నో ఎమిట్ ఆప్షనుతో వేరుగా కొట్టాలి. లేదంటే ఎడిటర్లో ఎర్ర గీతలు చూడాలి. రన్ అయింది కదా, సరిగ్గా ఉన్నట్టే అనుకోవద్దు. మాదీ రన్ అయింది.

మూడోది: "కోడ్ అంతా ఏఐ రాస్తోంది, ఈ చీటీలు ఎవరికి కావాలి?" మాకు అనిపించేది దీనికి తలకిందులు. మనం రాయని కోడ్ ఎంత పెరిగితే, అది లోపలికి వచ్చే చోట అంత గట్టిగా చూసుకోవాలి. ఎర్ర గీత పోయేలా చెయ్యి అని అడిగితే అది కూడా ఎనీ పెట్టి పోగొట్టగలదు. మేము నెట్టులో దొరికిన సలహాతో చేసింది కూడా అదే కదా.

ఇప్పుడు టైపుల లోపాలు కూడా చెప్పాలి, లేకపోతే మేము సగమే చెప్పినట్టు.

డిక్లరేషన్ ఫైలు అనేది మాట మాత్రమే. మూటకు కట్టిన చీటీ మీద ఇప్పపువ్వు అని రాసి లోపల ఇంకేదో ఉండొచ్చు. మాడ్యూల్ మారిపోయి చీటీ పాతదైపోవచ్చు. తెలంగాణ వచ్చినప్పుడు 10 జిల్లాలు. 2016 అక్టోబరు 11న 31 అయ్యాయి, మన భద్రాద్రి కొత్తగూడెం అప్పుడే వచ్చింది. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిపి 33. ఎవరైనా 2015లో జిల్లా అంటే ఈ 10 పేర్లలో ఒకటి అని టైపు రాసి వదిలేసి ఉంటే, రెండేళ్లు తిరగకుండా అది అబద్ధం అయ్యేది. కాబట్టి టైపు రాసినవాళ్లు దాన్ని చూసుకుంటూ ఉండాలి. ఒకసారి రాసి చేతులు దులుపుకుంటే కుదరదు.

ఇంకో చిక్కు: కామన్ జేఎస్ మాడ్యూల్ మొత్తంగా ఒక్క ఫంక్షన్‌నే బయటికి ఇస్తే, చీటీ రాసినవాళ్లు దాన్ని డిఫాల్ట్ అని తప్పుగా రాస్తుంటారు. ఎడిటర్లో అంతా బాగుంటుంది, నడిపితే డిఫాల్ట్ అనేది ఫంక్షన్ కాదు అని ఆగిపోతుంది. పాత రిక్వైర్ పద్ధతి, 2015లో భాషలోకి వచ్చిన ఇంపోర్ట్ పద్ధతి రెండూ కలిసి బతకడం వల్ల వచ్చిన తలనొప్పి ఇది. 2024 డిసెంబరులో వచ్చిన 22.12 నుంచి కొత్త రకం మాడ్యూళ్లను కూడా ఫ్లాగ్ లేకుండా రిక్వైర్ చేసుకోవచ్చు, దాంతో బాధ కొంత తగ్గింది. చీటీల తప్పులు మాత్రం మనిషి చూసి దిద్దాల్సిందే.

అన్నిటికంటే పెద్ద సంగతి: ప్రోగ్రాం నడిచేటప్పటికి టైపులు ఉండవు. షీట్ నుంచో నెట్టు నుంచో వచ్చే డేటాను టైపు ఆపలేదు. దానికి నడిచేటప్పుడు చేసే చెకింగ్ వేరుగా రాయాలి. 2018లో వచ్చిన టైప్‌స్క్రిప్ట్ 3.0లో అన్‌నోన్ అనే టైపు పెట్టారు. ఎనీ అడగను అంటుంది, అన్‌నోన్ చూడందే ముట్టుకోనివ్వను అంటుంది. బయటి డేటాకు అన్‌నోన్ పెట్టండి.

దీనికి ఒక ఉదాహరణ మన పిల్లలందరికీ పనికొచ్చేది. బ్యాంకు ఖాతా నంబరును నంబరుగా పెట్టకండి. జావాస్క్రిప్ట్ నంబరు 9007199254740991 దాకే పూర్ణాంకాలను తప్పు లేకుండా పట్టుకుంటుంది. 9007199254740993 అని ఇస్తే చివరి అంకె 2గా మారిపోతుంది, ఏ హెచ్చరికా రాదు. కొన్ని బ్యాంకుల ఖాతాలకు 16 అంకెలుంటాయి. ఇక ముందు సున్నాలున్న ఖాతా నంబరైతే ఆ సున్నాలు ఎగిరిపోతాయి. స్కాలర్‌షిప్ డబ్బు పడే ఖాతాలో ఒక్క అంకె మారితే ఏమవుతుందో ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు తెలుసు. మాడ్యూల్ చీటీలో ఖాతా అంటే స్ట్రింగ్ అని ఒక్క మాట రాసి ఉంటే, పొరపాటున నంబరు పెట్టినవాణ్ణి అక్కడే ఆపుతుంది.

టైపు దొంగను కూడా పట్టుకోదు. 2018లో ఈవెంట్ స్ట్రీమ్ అనే పేరున్న ప్యాకేజీలోకి ఇంకో ప్యాకేజీ ద్వారా బిట్‌కాయిన్ దొంగిలించే కోడ్ దూర్చారు. అలాంటిదానికి చీటీ ఎంత బాగున్నా లాభం లేదు. ఏ ప్యాకేజీ తెచ్చుకుంటున్నాం, నిజంగా అవసరమా అని ఆలోచించడం మన పనే.

ఇవన్నీ తెలిసీ మేము టైపు రాయమనే అంటున్నాం. గేటు ఉన్నంత మాత్రాన అన్నీ ఆగవు. కానీ మాకు జరిగిన లాంటివి, అంటే లేని విలువను ఉందనుకోవడం, అక్షరాలను నంబరనుకోవడం, ఇవి చాలావరకు అక్కడే ఆగుతాయి. బుద్ధిగా వేధించే తప్పులకంటే ఇలాంటి చిన్న తప్పులే మన ప్రోగ్రాములను ఎక్కువ ముంచుతాయి.

ఎలా మొదలుపెట్టాలి అంటే, మేము చేసుకున్న పద్ధతి ఇది.

ఒకటి, ఇంకా జావాస్క్రిప్ట్‌లోనే ఉన్నవాళ్లు ఏదీ మార్చక్కర్లేదు. ఫైలు పైన కామెంటులో ఎట్ గుర్తు పెట్టి టీఎస్ హైఫన్ చెక్ అని రాయండి. వీఎస్ కోడ్ ఆ ఫైలును చెక్ చేయడం మొదలుపెడుతుంది. విచిత్రం ఏంటంటే, మామూలు జావాస్క్రిప్ట్ ఫైల్లో రిక్వైర్ రాసినా అది వెళ్లి ఆ మాడ్యూల్ టైపులు చూస్తుంది. ఎనీ అయిపోయే బాధ టైప్‌స్క్రిప్ట్ ఫైల్లో కాన్‌స్ట్‌తో రిక్వైర్ రాసినప్పుడే.

రెండు, టైప్‌స్క్రిప్ట్‌లో ఉన్నవాళ్లు ఇంపోర్ట్ వాడండి. రిక్వైరే కావాల్సి వస్తే, కాన్‌స్ట్ బదులు ఇంపోర్ట్ పేరు ఈక్వల్‌టు రిక్వైర్ అనే రూపం ఉంది, దానికి టైపులు వస్తాయి. స్ట్రిక్ట్ మాత్రం ఎప్పుడూ ఆపొద్దు.

మూడు, డిక్లరేషన్ ఫైలు లేదు అనే ఎర్ర గీత వస్తే ముందు డెఫినిట్లీ టైప్డ్‌లో ఉందేమో వెతకండి. లేకపోతే మీరు వాడే ఫంక్షన్లకు మాత్రమే రాసుకోండి. వంద ఫంక్షన్లున్న మాడ్యూల్లో రెండు వాడితే రెండింటికే రాయండి. డిక్లేర్ మాడ్యూల్ అని పేరొక్కటి రాసి వదిలేయొద్దు, అది మళ్లీ మొత్తాన్ని ఎనీ చేస్తుంది.

నాలుగు, రాసింది బాగుందనిపిస్తే డెఫినిట్లీ టైప్డ్‌కు పంపండి. అది గిట్‌హబ్‌లో అందరికీ తెరిచి ఉన్న ప్రాజెక్టు. చీటీతో పాటు చిన్న టెస్టు కూడా పెట్టాలి, వాళ్లు చూసి తప్పులు చెబుతారు, ఒప్పుకుంటే ప్రపంచంలో ఎవరైనా దించుకుంటారు. దీనికి సర్వర్ అక్కర్లేదు, పెద్ద ల్యాప్‌టాప్ అక్కర్లేదు, ఒక మాడ్యూల్‌ను ఓపిగ్గా చదవడం వస్తే చాలు. రెజ్యూమెలో మూడు నెలల కోర్సు సర్టిఫికెట్ కంటే ఇది ఎక్కువ బరువు తూగుతుందని మా నమ్మకం. మన ఊరి పేరు ఇంగ్లీషులో ఒక్కో కాగితంలో ఒక్కోలా రాసి ఉంటుంది, దానివల్ల ఎన్ని ఫారాలు వెనక్కి వచ్చాయో మనకు తెలుసు. డేటా తప్పైతే ఎవరికి నష్టమో అనుభవించినవాళ్లం మనం. ఈ పని మనం బాగా చేయగలం.

ఆ చెల్లెలి సంగతి. జరిగింది మొత్తం ఆమెకు ఫోన్‌లో చెప్పాం, స్క్రీన్ మీద ఆ అన్‌డిఫైన్డ్ కుప్పను కూడా చూపించాం. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మా ఊరు ఎక్కడుందో ప్రతిసారీ నేనే చెప్పుకోవాలి అన్నా, ఇప్పుడు మీ ప్రోగ్రాంకు కూడా చెప్పాలా?" అంది. మేము నలుగురం తలదించుకున్నాం. ఇప్పుడు మా చీటీలో రెండు రాష్ట్రాల జిల్లాలూ ఉన్నాయి. జాబితాలో లేని పేరు వస్తే ప్రోగ్రాం అక్కడే ఆగి ఆ మనిషి పేరు, ఫోన్ నంబరు మాకు చూపిస్తుంది, మేమే ఫోన్ చేస్తాం.

మీరు వాడుతున్న మాడ్యూల్‌కు టైపులు లేకపోతే దాని పేరు కింద కామెంటులో రాయండి. ఆదివారం మేము నలుగురం కూర్చుంటాం, కలిసి రాద్దాం. మేము చెప్పినదాంట్లో తప్పులుంటే అవి కూడా రాయండి, దిద్దుకుంటాం.